కొత్త ఫోనులోకి పాత పరిచయాలు

కొత్త ఫోను కొనడం ఒక పూటలో ముగిసే పని. పాత ఫోనులోని పేర్లను అందులోకి చేర్చడం అంతకంటె ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. వెనుకటి రోజులలో టెలిఫోను పక్కన ఉండే చిన్న పుస్తకంలో ఒక పుట చిరిగితే ఆ సంగతి వెంటనే కంటికి కనిపించేది. ఫోనులో పోయిన పేరు మాత్రం అవసరం పడిన రాత్రి, డాక్టరు కోసమో అక్కగారి కోసమో వెదికినప్పుడు గాని తెలియదు.

తెరమీద ఒకే వరుసలో కనిపించే పేర్లు నిజానికి మూడు చోట్ల ఉండవచ్చు: సిమ్ కార్డులో, ఫోను సొంత మెమొరీలో, గూగుల్ వంటి ఖాతాలో. ఫోను పాడైతే రెండవ చోట ఉన్నవి దానితోనే పోతాయి. సిమ్ కార్డులో సాధారణంగా 250 పేర్ల వరకే చోటు. పేరు, నంబరు తప్ప చిరునామాకు, పుట్టినరోజుకు అక్కడ తావు లేదు. గల్ఫ్‌కు వెళ్లిన యువకుడు అక్కడి సిమ్ వేసుకోగానే, పాత సిమ్‌లోని పేర్లు దానితోబాటే పెట్టె అడుగుకు చేరుతాయి. అటువంటివారు ఇంటి నంబర్లకు ముందు +91 చేర్చి రాసుకోవడం కూడ మంచిది.

ఆండ్రాయిడ్ ఫోనులో పేర్లన్నిటినీ గూగుల్ ఖాతాలో భద్రపరిస్తే, కొత్త ఫోనులో అదే ఖాతా తెరిచినప్పుడు అవి తిరిగి వస్తాయి. అయితే ఒక్క ఖాతానే నమ్ముకొనరాదు. దాని పాస్‌వర్డు మరచినవారికి తలుపు తెరుచుకొనదు. కాంటాక్టుల పట్టికలోని ‘ఎక్స్‌పోర్ట్’ అనే ఏర్పాటు పేర్లన్నిటినీ ‘వీకార్డ్’ పద్ధతిలో ఒకే ఫైలుగా ఇస్తుంది. 1990లలో రూపొందిన ఈ పద్ధతిని ఆండ్రాయిడ్, ఐఫోన్, కంప్యూటరు మూడూ చదవగలవు. ఆ ఫైలు ప్రతిని కంప్యూటరులో ఉంచుకోవాలి. కొత్త ఫోనులోని పేర్ల సంఖ్యను పాతదానితో సరిపోల్చిన తరువాతనే పాత ఫోనును తుడిచివేయాలి.

ఫొటోలకు, పాటలకు మెమొరీ కార్డు కొనదలచినవారు ముందు ఫోనులో దానికి చోటున్నదో లేదో చూడాలి. ఐఫోన్లలో అది లేదు. ఇటీవలి ఆండ్రాయిడ్ ఫోన్లు అనేకంలో కూడ తీసివేశారు. చోటున్నచోట, ఫోను ఎన్ని జీబీల కార్డును స్వీకరిస్తుందో దానితో వచ్చిన పుస్తకంలో చూసుకోవచ్చు. కార్డుపై ఎస్‌డీహెచ్‌సీ అని ఉంటే దాని గరిష్ఠ పరిమాణం 32 జీబీ. అంతకు మించి 2 టీబీ వరకు ఉన్నవి ఎస్‌డీఎక్స్‌సీ. వృత్తంలోని 10 అంకె సెకనుకు కనీసం 10 ఎంబీ వేగంతో రాయగలదని సూచిస్తుంది. యు ఆకారంలోని 3 అంకె 30 ఎంబీలను. వీడియోలు ఎక్కువగా తీసేవారికి రెండవది తగినది.

అతి చవక ధరకు అతి పెద్ద కార్డు దొరికిందంటే అనుమానించవలసిందే. నకిలీ కార్డు తన పరిమాణాన్ని అబద్ధం చెబుతుంది. అసలు చోటు నిండిన తరువాత దాచినవి దక్కవు. కొన్నరోజునే కార్డు నిండా ఫైళ్లు ఎక్కించి, తిరిగి తెరిచి చూస్తే నిజం బయటపడుతుంది.

మరొక సంగతి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు కార్డును ‘అంతర్గత మెమొరీ’గా మార్చుకొనమంటాయి. అందుకు అంగీకరిస్తే కార్డు ఆ ఒక్క ఫోనుకే తాళంచెవి ఇచ్చిన పెట్టె అవుతుంది. కొత్త ఫోను దానిని చదవలేదు. ఫోను మార్చినప్పుడు కార్డు వెంట రావాలనుకొనేవారు దానిని విడి కార్డుగానే వాడాలి. ఎంత మంచి కార్డయినా ఎప్పుడో ఒకప్పుడు అరిగిపోయేదే. కాబట్టి ముఖ్యమైన ఫొటోకు మరొకచోట ప్రతి తప్పదు.

ఇన్ని ఏర్పాట్ల తరువాత కూడ పది నంబర్లు కాగితం మీద రాసి ఇంట్లో ఉంచడం వృథాశ్రమ కాదు. వృద్ధులు ఉన్న ఇంట అది మొదట చేయవలసిన పని.