అంకెలన్నీ సంఖ్యలు కావు

తెలుగు అక్షరం గణకయంత్రంలో పాడైతే ఇట్టే తెలిసిపోతుంది. ఎక్సెల్ పట్టికను పాత పద్ధతి సి.ఎస్.వి. ఫైలుగా భద్రపరిస్తే తెలుగు ఉన్నచోటల్లా ప్రశ్నార్థకాలు బారులు తీరుతాయి. చూసినవాడు గగ్గోలు పెడతాడు, యు.టి.ఎఫ్.-8 ఎంచుకొని మళ్ళీ భద్రపరుస్తాడు. అంకె పాడైతే అలా అరవదు. పోయినదాని స్థానంలో మరొకటి, అచ్చం ఒప్పులాగే, నిశ్చింతగా కూర్చొని ఉంటుంది. అందుకే అక్షరనష్టం కంటె అంకెల నష్టమే ప్రమాదకరమని నా అభిప్రాయం. యూనికోడు కోసం అంతగా పట్టుబట్టిన మనం ఈ విషయంలో ఇంత ఉదాసీనంగా ఉండటం నాకు రుచించదు.

ఒక గ్రంథాలయపు పుస్తకాల పట్టికనే తీసుకోండి. డ్యూయీ దశాంశ వర్గీకరణలో విజ్ఞానసర్వస్వాలకు 030. గడిలో అలా టైపు చేసి ఎంటరు నొక్కగానే ఎక్సెల్ దానిని 30గా మార్చివేస్తుంది. ఆ పట్టికను టెక్స్టు ఫైలు చేసి అక్షరక్రమంలో అమర్చితే విజ్ఞానసర్వస్వాలు వెళ్ళి 300 అనే సాంఘికశాస్త్రాల గుమ్మంలో నిలుచుంటాయి. (తెలుగు సాహిత్యం 894.827 కనుక బతికిపోయింది.) ఇక పత్రికలు. 1924లో మొదలైన 'భారతి' మొదటి సంపుటం మూడవ సంచికను 1-3 అని వ్రాస్తే, మన దేశపు తేదీ అమరిక ఉన్న యంత్రంలో అది మార్చి ఒకటవ తేదీ అవుతుంది.

అన్నింటికంటె దారుణం ఐ.ఎస్.బి.ఎన్. గతి. 2007 నుంచి వాటికి పదమూడు అంకెలు. ఎక్సెల్ అంత పొడవును సహించక 9.78812 అని చూపి, పక్కన 'ఇ' అక్షరమూ +12 అనే తోకా తగిలిస్తుంది. సి.ఎస్.వి.లోకి పంపేదీ తెరమీద కనబడే ఆ రూపాన్నే. మూలపట్టిక లేకపోతే చివరి ఏడంకెలూ గంగలో కలిసినట్టే. 978-81తో మొదలయ్యే భారతీయ గ్రంథాలన్నీ అప్పుడు పదకొండు రూపాలలో ఇరుక్కోవలసిందే!

యంత్రాన్ని తిట్టి లాభం లేదు. దానికి సంఖ్యకూ సంజ్ఞకూ భేదం తెలియదు, మనకు తెలుసు. కూడితే, తీసివేస్తే అర్థం వచ్చేది సంఖ్య. రెండు ఐ.ఎస్.బి.ఎన్.లను కూడి ఎవరేం చేసుకుంటారు? అవి అంకెలతో వ్రాసిన పేర్లు. 'సప్తర్షులు' అన్నప్పుడు ఏడు లెక్కకోసం రాలేదు, పేరులో భాగమైంది. ఇటువంటి సమాసాలకు పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు.

మన సంగీతజ్ఞులు సున్నను ఎంత జాగ్రత్తగా దాచారో చూడండి. కటపయాది పద్ధతిలో మేళకర్త పేరులోని మొదటి రెండక్షరాల అంకెలను తిరగవేస్తే దాని క్రమసంఖ్య వస్తుంది. ధీరశంకరాభరణంలో ధ తొమ్మిది, ర రెండు, తిరగవేస్తే 29. మరి మొదటిదైన కనకాంగి? క ఒకటి, న సున్న, తిరగవేస్తే 01. డెబ్భై రెండు పేర్లకూ రెండేసి అంకెలు ఉండాలని నియమం కనుక ఒకటికి ముందు సున్నను నిలిపారు. ఆ 'న' అనవసరమని ఎవరూ తీసివేయలేదు.

శాస్త్రజ్ఞులు మాత్రం యంత్రానికి లొంగిపోయారు. 'మార్చ్1' వంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చివేస్తున్నదని, జన్యునామాలను నిర్ణయించే సంఘం 2020లో ఆ పేర్లనే మార్చింది. ఇప్పుడది 'మార్చ్ఎఫ్1'. పనిముట్టు కోసం పేరు మార్చుకోవడం నాకు విడ్డూరంగానే తోస్తుంది. 2023లో గాని, ముందున్న సున్నలను తొలగించవద్దని చెప్పే వీలును మైక్రోసాఫ్టు కల్పించలేదు. అదీ మనం వెదకి పెట్టుకోవాలి.

గడికి 000 అనే అమరిక ఇస్తే 030 కనబడుతుంది గదా అంటారు కొందరు. అది వేషం మాత్రమే. లోపల ఉన్నది ముప్పయ్యే. లిబ్రాఫీసు కాల్క్‌లో టెక్స్టుగా పంపేటప్పుడు, కనబడినట్లే భద్రపరచమనే గుర్తు పెడితే సున్న దక్కుతుంది, తీసివేస్తే పోతుంది. గుర్తు పెడితే మరొక చిక్కు. రెండు దశాంశ స్థానాలు చూపే వరుసలో 12.456 ఉంటే 12.46 మాత్రమే బయటికి వస్తుంది. కనుక టైపు చేయక ముందే ఆ నిలువు వరుసను టెక్స్టుగా ప్రకటించడమే ఉత్తమం. ధరల వరుసలో 1,25,000 వంటివి ఉంటే కామాకు బదులు ట్యాబుతో వేరుచేయడం మేలు.

ఇంత చేసినా, అవతలివారు ఆ ఫైలును రెండుసార్లు నొక్కి తెరిచారంటే సున్న మళ్ళీ మాయం. టెక్స్టు ఫైలులో 'ఇది పేరు, ఇది సంఖ్య' అని చెప్పే చోటే లేదు. కొటేషను గుర్తులను కూడా ఎక్సెల్ లెక్కచేయదు. డేటా మెనూ ద్వారా దిగుమతి చేసుకొని, ఏ వరుస టెక్స్టో అక్కడ చెప్పాలి. పుస్తకాల జాబితాలు, పద్యసూచికలు పంచుకునే మిత్రులు దయచేసి ఫైలుతోపాటు ఒక వాక్యం వ్రాసి పంపండి: ఏయే వరుసలను టెక్స్టుగా తెరవాలో.