లేఆఫ్ వేళ అక్కరకొచ్చే క్లినిక్

లేఆఫ్ అయితే ఉద్యోగంతో పాటు ఆరోగ్య బీమా కూడా పోతుంది. కోబ్రా కింద కొనసాగించుకోవాలంటే కంపెనీ వాటా కలిపి 102 శాతం దాకా ప్రీమియం మనమే కట్టాలి. అలాంటప్పుడు కూడా మనవాళ్లకు గుర్తురానివి కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు. 1965లో బోస్టన్‌లో మొదలైన ఈ ఒరవడికి నేడు ఫెడరల్ నిధులున్నాయి. తక్కువ ఆదాయం వారికి ఫీజు తగ్గిస్తారు. డబ్బు కట్టలేరని వైద్యం నిరాకరించకూడదు. దుబాసీని ఉచితంగా అడగవచ్చు. వలసదారుల అర్హతపై 2025లో ఫెడరల్ ఆరోగ్యశాఖ నిబంధనలు బిగించింది, కోర్టు కేసులూ నడిచాయి. కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

అసలు విశేషం వేరే ఉంది. పాలకమండలిలో సగానికి పైగా అక్కడి పేషెంట్లే ఉండాలన్నది చట్టం. సంఘాల పదవులకు పోటీపడే మనం, ఈ కుర్చీల వైపు ఎప్పుడైనా చూశామా?