ఆ ఆడవాళ్ల మాట నమ్మనివాళ్లు

స్త్రీవాదులం నలుగురం చేరినచోట మతం ప్రస్తావన వస్తే చాలు, క్రైస్తవ స్త్రీలకి మూడు ప్రశ్నలు తప్పవు. ఒక సువార్తలో ఉన్నది ఇంకో సువార్తలో లేదు, ఎలా నమ్ముతారు? ఆడవాళ్లని నోరు మూసుకోమన్న గ్రంథాన్ని పట్టుకుని స్త్రీవాదం ఎలా మాట్లాడతారు? అసలు మీవాళ్లు మతం మారింది గోధుమనూక, పాలపొడి కోసమే కదా? అడిగేది శత్రువులు కాదు, స్నేహితులే. అందుకే జవాబు చెప్పక తప్పదు.

తేడాలున్న మాట నిజమే. యేసు సమాధి దగ్గరికి వెళ్లినవాళ్లలో మత్తయి ఇద్దరు మరియలని చెప్తాడు, మార్కు ముగ్గురు స్త్రీలని చెప్తాడు, యోహాను మగ్దలేనే మరియ ఒక్కరి పేరే చెప్తాడు. కానీ ఆ సమాధి ఖాళీగా ఉందని మొదట తెలిసింది స్త్రీలకేనని నాలుగు సువార్తలూ ఒప్పుకుంటాయి. ఆడదాని సాక్ష్యానికి పెద్దగా విలువలేని కాలం అది. కథ అల్లేవాళ్లయితే ఏ పేతురునో ముందు నిలబెట్టేవాళ్లు. పైగా ఆ స్త్రీలు వచ్చి చెప్తే శిష్యులు వట్టి మాటలని కొట్టిపారేశారని లూకాయే రాశాడు. అంటే ఈ విశ్వాసం మీద మొట్టమొదటి అనుమానం, మగవాళ్లు ఆడవాళ్ల మాట నమ్మకపోవడమే! దీంతో పునరుత్థానం రుజువైపోయిందని నేననను. విశ్వాసం రుజువులతో తేలే లెక్క కాదు. కానీ చిన్న చిన్న తేడాలు పట్టుకుని సాక్షి మొత్తం అబద్ధమాడిందని తేల్చే పద్ధతి మనకి కొత్తా? అత్యాచారం కేసుల్లో బాధితురాలిని బోనులో నిలబెట్టి వకీళ్లు చేసేది అదే కదా.

ఇక పౌలు. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలన్న మాట కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఉంది. అదే పత్రిక 11వ అధ్యాయంలో స్త్రీలు ప్రార్థిస్తున్నారు, ప్రవచిస్తున్నారు. వాళ్లని ముసుగు వేసుకోమన్నాడే తప్ప ఆపెయ్యమనలేదు. ఆ మౌనం వచనాలు కొన్ని పాత ప్రతుల్లో వేరే చోట కనిపిస్తాయి. అవి తర్వాతెవరో చేర్చినవని కొందరు పండితులు అనడానికి అదొక కారణం. రోమా పత్రిక 16వ అధ్యాయంలో ఫీబే సంఘ పరిచారకురాలు, యూనియా అపొస్తలులలో పేరున్న మనిషి. ఆడది అపొస్తలురాలేమిటని తర్వాతి వ్యాఖ్యాతలు ఆ యూనియానే మగవాణ్ణి చేసేశారు! పౌలుని పూర్తిగా వెనకేసుకురావడం నా పని కాదు. గ్రంథంలో పితృస్వామ్యం ఉంది. దాన్ని ఎదిరించే మాటలూ ఆ గ్రంథంలోనే ఉన్నాయి. ఏ మాట పట్టుకోవాలో తేల్చే హక్కు పాస్టర్లదీ హేతువాదులదీ మాత్రమే ఎందుకవ్వాలి? 2013లో నంద్యాల డయాసిస్‌కి ఇ. పుష్పలలిత బిషప్ అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్. పుస్తకం మారలేదు, చదివేవాళ్లు మారారు.

మూడో ప్రశ్నే నాకు అన్నిటికంటే అవమానంగా తోస్తుంది. ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య 1866లోనే బాప్తిస్మం తీసుకున్నారు. మహా కరువు వచ్చింది 1876లో. కరువు రోజుల్లో మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో జనానికి కూలిపని ఇప్పించాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మనుషులుగా చూసే చోటు వెతుక్కోవడం వాళ్ల ఆలోచన కాకూడదా? పోనీ, ఇప్పుడు మాకు దక్కుతున్నదేమిటి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి విస్తరించారు. దళిత క్రైస్తవులకి ఇప్పటికీ లేదు, మాకు మిగిలింది బీసీ-సీ. ఉన్న హోదా పోగొట్టుకునేవాళ్లని ఆశపోతులనడం ఏం న్యాయం?

చర్చిలో కులం లేదని నేను చెప్పను. తన్నే మొగుణ్ణి ఓర్చుకోమనే పాస్టర్లు లేరనీ చెప్పను. వాళ్లతో లోపలుండే పోట్లాడుతున్నాం. మీరు కూడా మమ్మల్ని ప్రశ్నించండి, గట్టిగానే ప్రశ్నించండి. కాకపోతే, మోసపోయిన అమాయకురాళ్లతో మాట్లాడుతున్నట్టు కాదు. చదువుకుని, ఆలోచించుకుని, తేల్చుకున్న ఆడవాళ్లతో మాట్లాడుతున్నట్టు అడగండి.