తల్లి బాట

అమెరికాలోని 66వ నంబరు రహదారిని 'తల్లి బాట' అని వ్యవహరించినవాడు జాన్ స్టెయిన్‌బెక్. 1939లో వెలువడిన 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలతో ఆ పేరు లోకప్రసిద్ధమైంది. అయితే ఆ తల్లి ఎవరిని అక్కున చేర్చుకొన్నది, ఎవరిని దూరముంచినది అనేది ఆలోచింపదగిన విషయం.

1926లో ఏర్పడిన ఈ రహదారి చికాగోలో మొదలై, ఎనిమిది రాష్ట్రాల మీదుగా సుమారు 3,900 కిలోమీటర్లు సాగి, పసిఫిక్ తీర ప్రాంతాన్ని చేరేది. చిన్న చిన్న ఊళ్ళ ప్రధాన వీధులనే తనలో కలుపుకొని పోవడం దీని విశిష్టత. 1930లలో అనావృష్టి, ధూళి తుఫానులు ఓక్లహోమా పరిసరాల రైతులను నిరాశ్రయులను చేశాయి. వారు తట్టాబుట్టా సర్దుకొని, పాతకార్లపై పరుపులు కట్టుకొని ఈ బాటనే పట్టారు. కాని 1936లో లాస్ ఏంజెలిస్ పోలీసులు కాలిఫోర్నియా సరిహద్దుల్లోనే కాపు కాచి, చేతిలో డబ్బులేని వారిని వెనుకకు మళ్ళించారు. ఇక నల్లజాతి ప్రయాణికులకు అనేక ఊళ్ళలో బస దొరికేది కాదు. తమను రానిచ్చే హోటళ్ళెక్కడున్నవో తెలిపే 'గ్రీన్ బుక్' అనే మార్గదర్శినిని వెంట ఉంచుకొని వారు బయలుదేరేవారు. ఈ బాట వైభవాన్ని కీర్తించేవారు ఈ సంగతిని విస్మరించడం న్యాయం కాదు.

1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో విశాలమైన అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణం ఊపందుకొన్నది. అవి ఊళ్ళను తప్పించుకొని పోతాయి; నిర్ణీత స్థలాల్లో తప్ప వాహనం దిగడానికి వీలుండదు. ప్రయాణం వేగవంతమైంది, సురక్షితమూ అయింది. ఇరుకైన పాత బాటపై ప్రమాదాలకు కొదవలేదు గనుక ఈ మార్పును నేను తప్పుపట్టను. నా అభ్యంతరమల్లా నష్టాన్ని లెక్కగట్టిన తీరు మీదనే. రోడ్డుకు భూమినిచ్చిన వానికి పరిహారం లభిస్తుంది. గజం భూమి పోకున్నా, ఇంటి ముందరి రాకపోకలు ఆగిపోయి బేరం పోగొట్టుకొన్న పూటకూళ్ళ ఇంటి యజమానికి, పెట్రోలు బంకు వానికి సాధారణంగా ఏమీ దక్కదు. వారిది చట్టం కంటికి ఆనని నష్టం.

అరిజోనాలోని సెలిగ్మన్ అనే చిన్న ఊరికి ఆ గతి 1978లో పట్టింది. 1984లో విలియమ్స్ పట్టణం చుట్టూ కొత్త దారి పడటంతో చివరి ఊరూ పక్కకు తప్పుకొన్నది. 1985లో 66 అనే సంఖ్యనే జాతీయ రహదారుల జాబితా నుండి తొలగించారు. సెలిగ్మన్‌లో క్షౌరశాల నడుపుకొనే ఏంజెల్ డెల్గడిల్లో మాత్రం ఊరుకోలేదు. పొరుగు ఊళ్ళ వారిని కూడగట్టి సంఘం స్థాపించాడు. 1987లో ఆ రాష్ట్రం తమ ప్రాంతపు పాత బాటను చారిత్రక రహదారిగా గుర్తించింది. ఆ తరువాత దేశదేశాల యాత్రికులు ఆ బాటను వెదుక్కుంటూ రాసాగారు. క్షౌరశాల పక్కనే జ్ఞాపికల దుకాణం వెలిసింది.