అచ్చుబొమ్మకు అంగుళపు లెక్క

తెరపై తళతళలాడిన చిత్రమెల్ల కాగితముపై శోభించునని భావించుట పొరపాటు. సంచికకు ఛాయాచిత్రములనిచ్చు విద్యార్థులు, వాటిని స్వీకరించు సంఘమువారు ఈ భేదమును గుర్తింపవలెను.

డిజిటల్ చిత్రము పిక్సెళ్ల కూర్పు. మేలైన అచ్చుకు అంగుళమునకు 300 పిక్సెళ్లన్నది వాడుకలోనున్న నియమము. కావున కావలసిన అంగుళములను 300తో హెచ్చవేయవలెను. 6 అంగుళముల వెడల్పు, 4 అంగుళముల ఎత్తు గల బొమ్మకు 1800, 1200 పిక్సెళ్లు అవసరము. పనసకొయ్యతో మలచిన మన బొబ్బిలి వీణ చిత్రము 900 పిక్సెళ్ల వెడల్పే ఉన్నచో, అచ్చులో 3 అంగుళములకు మించనీయరాదు. మించినకొలది తంత్రులు మసకబారి ఒకదానిలో నొకటి కలిసిపోవును. కంప్యూటరులో 72 అను అంకెను 300గా మార్చినంతనే లేని వివరము పుట్టదు.

చేతివ్రాత పుటలను స్కాన్ చేయునపుడు మరింత జాగ్రత్త వలయును. వాటికి 600 మేలు. ఉర్దూలో బే, పే అను అక్షరములకు చుక్కల సంఖ్యయే భేదము. తెలుగులో ‘ప’కు ‘ఫ’కు చిన్న గీతయే భేదము. అవి చెరిగినచో చెరుగునది అందము కాదు, అర్థము.

విలువైన కెమెరా అందరికెక్కడిదని కొందరందురు. 12 మెగాపిక్సెళ్ల ఫోను ఇచ్చు 4000, 3000 పిక్సెళ్లు ఎ4 పూర్తి పుటకే చాలును. లోపము పరికరములో లేదు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపునపుడు చిత్రము కుదించుకుపోవుటలో ఉన్నది. అదే చిత్రమును డాక్యుమెంటుగా పంపిన అసలు ఫైలు చేరును. సంఘమువారు అసలు ఫైలునే స్వీకరించు నియమము పెట్టుట యుక్తము. సంచిక ఏండ్ల తరబడి నిలుచునది. అందులో మన ముఖములు మనమే గుర్తుపట్టలేని స్థితి రారాదు.