కిటికీకి ఎన్ని అడుగుల దూరం?

రుద్రంగి నుండి ఒక సోదరి పంపిన ఉత్తరాన్ని ఈ నెల ముందుగా తీసుకుంటున్నాము. కొడుకు గల్ఫ్‌కు వెళ్ళే ముందు కోరుట్లలో ఒక మనీప్లాంట్ కొని తెచ్చి, హాలులో టీవీ ప్రక్కన పెట్టి వెళ్ళాడట. ఏడాది తిరిగింది. ఆమె రోజూ నీరు పోస్తున్నారు, నెలకొకసారి ఎరువు వేస్తున్నారు. అయినా క్రింది ఆకులు ఒక్కొక్కటిగా పసుపుబారి రాలిపోతున్నాయి. కొత్తగా వచ్చే ఆకులు రూపాయి బిళ్ళంత కూడా పెరగడం లేదు. వీడియో కాల్‌లో అబ్బాయి "అమ్మీ, మొక్క చూపించు" అన్నప్పుడల్లా, ఆకులు మిగిలి ఉన్న వైపుకే ఫోను త్రిప్పుతున్నానని ఆమె వ్రాశారు. దీనికి మందు ఏమైనా ఉన్నదా అని అడిగారు.

మందు అవసరం లేదు. సంగతి ఉత్తరంలోని ఒక వాక్యంలోనే ఉన్నది. హాలుకు ఒకటే కిటికీ, దానికి నల్ల అద్దం, లోపల రెండు వరుసల తెరలు, కిటికీ నుండి టీవీ బల్ల దాకా 12 అడుగులు. ఆ మొక్క ఆకలితో ఉన్నది. మొక్కకు కావలసిన ఆహారం ఎరువు సంచిలో దొరకదు. ఆకు మీద పడే వెలుగును పట్టుకొని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు పీల్చిన నీటిని కలిపి మొక్క తన చక్కెరను తానే వండుకుంటుంది. ఎరువు ఆ వంటలో ఉప్పు వంటిది. పొయ్యి వెలగని ఇంటిలో ఉప్పు డబ్బా నిండుగా ఉంటే ఎవరి కడుపు నిండుతుంది?

"మా హాలులో పగలంతా వెలుగుగానే ఉంటుంది కదా" అని చాలామంది అంటారు. ఇక్కడే మన కన్ను మనలను మోసగిస్తుంది. వెలుగును కొలిచే ప్రమాణాన్ని లక్స్ అంటారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండలో సుమారు 1,00,000 లక్సుల వెలుగు ఉంటుంది. వాకిట్లో వేపచెట్టు నీడలో ఇంచుమించు 10,000, తెర తీసిన కిటికీ ప్రక్కన నేరుగా ఎండ పడని చోట 2,000 నుండి 5,000 దాకా ఉంటుంది. గది మధ్యకు వచ్చేసరికి అది కొన్ని వందలకు పడిపోతుంది. వెనుక మూలలో వంద కూడా ఉండకపోవచ్చు. అంటే వాకిలికీ మూలకూ మధ్య వెయ్యి రెట్ల తేడా ఉన్నది. మన కంటిపాప పెద్దదై, లోపలి పొర సర్దుకొని, అంత తేడానూ "కాస్త మసకగా ఉంది" అన్న మాటలోనికి కుదించివేస్తుంది. ఆకుకు అటువంటి సర్దుబాటు లేదు. మనీప్లాంట్ కొన్ని వందల లక్సులలో ప్రాణం నిలుపుకోగలదు. కొత్త ఆకులు నిండుగా వేయాలంటే మాత్రం రోజుకు పది, పన్నెండు గంటల పాటు వెయ్యికి పైగానే కావాలి.

ఈ మొక్కలను నర్సరీల వారు "నీడ మొక్కలు" అని అమ్ముతారు. ఆ మాటను మన ఇండ్లలో "చీకటి మొక్కలు" అని అర్థం చేసుకుంటున్నారని మాకు అనిపిస్తుంది. మనీప్లాంట్ పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని మోరియా అనే చిన్న దీవి. అడవిలో అది పెద్ద చెట్టును పట్టుకొని వెలుగు కోసం పైకి ప్రాకుతుంది. పైకి పోయినకొద్దీ దాని ఆకులు చేటలంత అవుతాయి. మాన్‌స్టెరా మెక్సికో మొదలు పనామా దాకా ఉన్న అడవులది; అరెకా పామ్ మడగాస్కర్‌ది. అవన్నీ చెట్ల నీడకు అలవాటుపడ్డవే. అయితే చెట్ల నీడ మీద ఆకాశం ఉంటుంది, ఆకుల సందులలో నుండి ఎండ చుక్కలు జారుతూ ఉంటాయి. స్లాబు క్రింది నీడకు ఆకాశం లేదు. మన ఊళ్ళకు బండ్ల మీద వచ్చే మొక్కలలో చాలా వరకు తూర్పుగోదావరి వైపు కడియం, కడియపులంక నర్సరీలలో ఆకుపచ్చ వల పందిళ్ళ క్రింద పెరిగినవి. ఆ వల సగం ఎండను ఆపినా, క్రింద వేల లక్సుల వెలుగు మిగులుతుంది. అక్కడ పెరిగిన మొక్కను తెచ్చి టీవీ ప్రక్కన పెడితే, ఒంటిలో నిలువ ఉన్న బలంతో నాలుగైదు నెలలు పచ్చగానే కనిపిస్తుంది. తరువాత క్రింది ఆకులలోని సారాన్ని చిగురుకు పంపి, వాటిని వదిలివేయడం మొదలుపెడుతుంది. సోదరి చూస్తున్నది అదే.

దొంగిలించి తెచ్చిన మనీప్లాంట్ కొమ్మే బాగా పెరుగుతుందనీ, అది ఉన్న ఇంటికి డబ్బు వస్తుందనీ ఒక మాట ఊళ్ళలో తిరుగుతుంది. దొంగతనం ఏ కొమ్మ విషయంలోనైనా దొంగతనమే. ఇక డబ్బు సంగతి, ఆ ఇంటి అబ్బాయి ఎడారి ఎండలో సంపాదించి పంపేదే తప్ప తీగ నుండి రాలేది కాదు.

పాత పెంకుటిండ్లలో ఈ చిక్కు అంతగా లేదు. వసారా, నడిమి వాకిలి, అక్కడక్కడ పైకప్పులో ఒక గాజు పెంకు ఉండేవి. ఇంటిలో వెలుగు ఎక్కడ ఉన్నదో ఆడవారికి తెలిసినంతగా మరెవ్వరికీ తెలియదు. బియ్యంలో రాళ్ళు ఏరడానికి దాదీ ఎక్కడ కూర్చుంటారో, చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే వారు గడపకు ఎంత దగ్గరగా జరుగుతారో చూడండి. దీపం వేయకుండా సూదిలో దారం ఎక్కించగలిగిన చోటు మీ ఇంటిలో ఏదో, మొక్క చోటు కూడా అదే. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల గత ముప్పై, నలభై ఏండ్లలో గల్ఫ్ సంపాదనతో లేచిన స్లాబు ఇండ్లలో గదులు పెద్దవయ్యాయి, కిటికీలకు నల్ల అద్దాలు వచ్చాయి. ముదురు రంగు అద్దం ఒక్కటే సగానికి పైగా వెలుగును ఆపివేస్తుంది.

మరి ఏ కిటికీ? ఈ విషయంలో మన కుటుంబాలకు ఒక సౌకర్యం ఉన్నది. దిక్కులు తెలియని ముస్లిం ఇల్లు ఉండదు. మన ప్రాంతంలో ఖిబ్లా దాదాపు పడమర, ఇంకాస్త ఖచ్చితంగా చెప్పాలంటే పడమర నుండి కొద్దిగా ఉత్తరానికి జరిగి ఉంటుంది. జానమాజ్ మీద నిలబడితే మీ వీపు వెనుక ఉన్నది తూర్పు, కుడిచేతి వైపు ఉత్తరం, ఎడమచేతి వైపు దక్షిణం.

వీపు వెనుక కిటికీ ఉంటే మొక్కకు అంతకన్నా మంచి చోటు లేదు. ఇష్రాఖ్ వేళ నుండి చాష్త్ దాకా పడే ఎండ మెత్తనిది. కిటికీ గట్టు మీదనే పెట్టవచ్చు. ఖిబ్లా వైపు కిటికీ ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఏప్రిల్, మే నెలలలో జుహ్ర్ దాటిన తరువాత ఆ కిటికీ గుండా వచ్చే ఎండ ఆకును కాల్చివేస్తుంది. గోధుమరంగు మచ్చలు, ఎండిన అంచులు కనిపిస్తే అది నీటి కొరత కాదు, కాలిన గాయం. ఆ రెండు నెలలు కుండీని మూడు, నాలుగు అడుగులు లోపలికి జరపాలి, లేదా తెల్లని పలుచని తెర వేయాలి.

ఉత్తరం, దక్షిణం విషయంలో ఫోనులో వచ్చే సలహాలను మన ఇండ్లకు ఉన్నవి ఉన్నట్లుగా వర్తింపజేయవద్దు. వాటిలో చాలా భాగం ఐరోపా, అమెరికా చలి దేశాల వారు తమ ఇండ్ల కొరకు చెప్పుకున్నవి. లండన్ 51 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నది. అక్కడ డిసెంబరు మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణ దిక్కున కేవలం 15 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణపు కిటికీ వారికి ప్రాణం వంటిది, ఉత్తరపు కిటికీ దండగ. రుద్రంగి సుమారు 18.6 డిగ్రీల వద్ద ఉన్నది. ఇక్కడ డిసెంబరులో కూడా మధ్యాహ్నపు సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మే నెల మధ్యలో ఒకరోజు, జూలై చివరలో మరొకరోజు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ రోజులలో మిట్టమధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఆ రెండు రోజుల మధ్య ఉన్న రెండున్నర నెలలు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపునే ఉంటాడు. కనుక వేసవిలో మన ఉత్తరపు కిటికీకి ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ కూడా అందుతుంది. మిగిలిన ఏడాదంతా నిలకడైన నీడ వెలుగు ఉంటుంది. మనీప్లాంట్‌కు, సింగోనియంకు అది చక్కని చోటు. దక్షిణపు కిటికీకి వేసవిలో సజ్జ నీడ సరిపోతుంది, చలికాలంలో మాత్రం ఎండ సజ్జ క్రిందుగా దూరి గదిలోనికి వస్తుంది.

పరీక్షించడానికి పరికరం అక్కరలేదు. జుహ్ర్, అసర్ వేళలను పూర్వం నీడతోనే గుర్తించేవారు. ఆ నీడే ఇక్కడ కూడా పనికివస్తుంది. పగలు పదకొండు, పన్నెండు గంటల మధ్య దీపాలన్నీ ఆర్పి, మొక్క ఉన్నచోట ఒక తెల్ల కాగితం పెట్టి, దానికి అడుగు ఎత్తున అరచేయి చాపండి. వ్రేళ్ళ అంచులు కత్తిరించినట్లు కనిపిస్తే అది నేరుగా పడుతున్న ఎండ. ఇంటి మొక్కలలో చాలావాటికి ఎక్కువ. చేయి ఆకారం తెలుస్తూ అంచులు మసకగా ఉంటే సరిగ్గా కావలసినంత. నీడ ఉన్నదో లేదో తెలియకపోతే ఆ చోట స్నేక్ ప్లాంట్ కొంతకాలం ఓర్చుకుంటుంది, మరేదీ పెట్టకండి. కిటికీలో నుండి ఆకాశం ఎంత కనిపిస్తే అంత వెలుగు అని కూడా గుర్తుపెట్టుకోవచ్చు. కుండీ ఎత్తున తల పెట్టి చూసినప్పుడు ఎదుటి ఇంటి గోడ తప్ప ఆకాశం కనిపించకపోతే, ఆ కిటికీ ఏ దిక్కుదైనా ఒకటే.

తెరల మాట కూడా చెప్పాలి. వీధి వైపు కిటికీ తెరిచి ఉంచమని ఏ సోదరికీ మేము చెప్పము. అయితే తెర కిటికీ నిలువునా ఉండనవసరం లేదు. మనిషి ఎత్తు దాకా క్రింది సగానికి తెర కట్టి, పై సగాన్ని వదిలివేయండి. వీధిలో నడిచేవారికి లోపల ఏమీ కనిపించదు. ఆకాశం నుండి వచ్చే వెలుగు ఎక్కువగా పై సగం నుండే వస్తుంది. కుండీని ఆ పై సగానికి ఎదురుగా కొక్కెం వేసి వ్రేలాడదీస్తే తీగ క్రిందికి జారుతూ పెరుగుతుంది.

నీటి సంగతి వెలుగుతో ముడిపడినదే. వెలుగు తక్కువైన చోట మొక్క నీరు త్రాగదు. త్రాగని నీరు కుండీలో నిలిచి వేళ్ళను కుళ్ళబెడుతుంది. ఆకు పసుపుబారుతుంది. మనం దానిని దాహమని భావించి ఇంకొంత పోస్తాము. వుజూ చేసే కుళాయి ప్రక్కన పెట్టిన మొక్కల గతి చాలా ఇండ్లలో ఇంతే. ఇంటిల్లిపాదీ రోజుకు ఐదుసార్లు ప్రేమతో తలా ఒక దోసిలి పోస్తారు. రెండవ వ్రేలి కణుపు దాకా మట్టిలో వ్రేలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయాలి.

రుద్రంగి సోదరికి మా సూచన ఇది. కుండీని ఒక్కసారిగా ఎండలోనికి తేవద్దు. చీకటికి అలవాటుపడిన ఆకు కమిలిపోతుంది. పది రోజుల వ్యవధిలో రెండు, మూడు విడతలుగా కిటికీకి రెండడుగుల దగ్గరకు జరపండి. ఒక తడిగుడ్డతో ఆకుల మీది దుమ్ము తుడవండి, దుమ్ము కూడా తెర వంటిదే. ఎరువు రెండు నెలలు ఆపండి. సన్నగా సాగిపోయిన తీగ తిరిగి లావెక్కదు. దానిని కణుపు క్రిందుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్కకు ఒక కణుపు మునిగేలా సీసాలో నీరు పోసి కిటికీ దగ్గర ఉంచండి. రెండు, మూడు వారాలలో తెల్లని వేళ్ళు వస్తాయి. వాటిని అదే కుండీలో గుచ్చితే బోడిగా ఉన్న చోటు నిండుతుంది. వారానికొకసారి కుండీని పావు వంతు త్రిప్పుతూ ఉంటే ఒకే వైపుకు వాలకుండా పెరుగుతుంది. కొత్త ఆకుల మీద పసుపు చారలు తిరిగి కనిపించడం మొదలైతే వెలుగు సరిపోతున్నదని అర్థం.

అబ్బాయి పెట్టిన చోటు నుండి కదపడం ఇష్టం లేదంటే మరొక దారి ఉన్నది, కాని కాస్త ఖర్చుతో కూడినది. పైకప్పుకు ఉన్న 9 వాట్ల తెల్లని ఎల్ఈడీ బల్బు వెలుగు మొక్క దగ్గరకు చేరేసరికి కొన్ని పదుల లక్సులే మిగులుతుంది. అదే బల్బును ఆకులకు అడుగు ఎత్తున వ్రేలాడదీస్తే సుమారు 1,500 లక్సులు అందుతుంది. ఫజ్ర్ తరువాత వేసి మగ్రిబ్‌కు ఆర్పివేస్తే నెలకు మూడు యూనిట్ల కరెంటు చాలు. ఖరీదైన ఊదారంగు దీపాలు కొననవసరం లేదు.

ఒక జాగ్రత్త. మనీప్లాంట్ ఆకులో సూదుల వంటి స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి. కిటికీ గట్టు పసిపిల్లలకు, వాకిట్లో తిరిగే మేకపిల్లకు అందే ఎత్తులో ఉంటే కుండీని పైన కట్టండి.