నెమ్ము గోడ ఖర్చు ఎవరిది?

ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ దక్షిణాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా బట్టలు ఇంట్లోనే ఆరాలి. బీజాపూర్‌లో అద్దెకుండే టీచరమ్మో నర్సమ్మో దండెం కట్టేది పడకగదిలోనే. ఆగస్టు వచ్చేసరికి మంచం వెనక గోడ నల్లబడుతుంది, చాపకు బూజు పడుతుంది, పిల్లలకు దగ్గు పట్టుకుంటుంది. ఇంటాయన వచ్చి దండెం చూసి, ‘‘తడిబట్టలు లోపల ఆరేస్తే గోడ ఇట్లా కాక ఎట్లా ఉంటదమ్మా?’’ అంటాడు. ఆవిడ స్లాబు అంచున పసుపు చార చూపిస్తుంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉండొచ్చు.

తేల్చాల్సింది నీళ్లు ఏ దారిన వచ్చాయన్నది. వాన పడ్డప్పుడల్లా పై మూలల్లో మరక పెరుగుతుంటే స్లాబు ఉరుస్తున్నట్టు. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తున పట్టీలా నెమ్మెక్కి సున్నం పొడిగా రాలుతుంటే, పునాది మీద చెమ్మను ఆపే పొర లేనట్టు. వానలు వెనకబట్టినా స్నానాల గది అవతలి గోడ ఆరకపోతే పైపు కారుతున్నట్టు. ఈ మూడూ కట్టడం లోపాలే. బీరువా చాటున, గాలాడని చోట పైపైన నల్లచుక్కలే ఉంటే వంట ఆవిరో తడిబట్టలో కారణం కావచ్చు. అప్పుడు కూడా, సరైన కిటికీ లేని గది కట్టి తప్పంతా అద్దెదారు మీద వేయడం అన్యాయమే.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి అద్దెదారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపాన్ని యజమాని ముందే చెప్పాలి. వేసవిలో మరకల మీద సున్నం కొట్టి ఇల్లు చూపించేవారు ఇది గుర్తుంచుకోవాలి. యజమాని చేయాల్సిన రిపేరు చెప్పినా చేయకపోతే అద్దెదారే చేయించి, ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని కూడా అదే సెక్షన్ అంటుంది. మెలికంతా ‘చేయాల్సిన’ అన్న మాటలో ఉంది. స్లాబు రిపేరు యజమానిదేనని ఆ సెక్షన్ చెప్పదు. ఒప్పందంలోనో, ఊరి ఆచారంలోనో, వేరే చట్టంలోనో ఆ మాట ఉండాలి.

నోటిమాట మీద నడిచే అద్దెల్లో అది దొరకదు. ఛత్తీస్‌గఢ్ 2011 అద్దె నియంత్రణ చట్టం రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేసింది, వివాదాలకు రెంట్ కంట్రోలర్‌ను పెట్టింది. అయితే అది మొదట వర్తించింది జిల్లా కేంద్రాల మునిసిపల్ ప్రాంతాలకే. 2007లో జిల్లా అయింది కాబట్టి బీజాపూర్ పట్టణం అందులోకి వస్తుంది. తెలుగు బాగా వినిపించే భోపాలపట్నం, మద్దేడు వైపు ఊళ్లకు మాత్రం ప్రభుత్వం విడిగా నోటిఫై చేయాలి. నెమ్ముకు జిల్లా కేంద్రమని, పల్లె అని తేడా లేదు కదా!

వరద సంగతి మరీ కష్టం. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరదలో ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతే అద్దెదారు లీజు వదులుకోవచ్చని 108వ సెక్షన్ అంటుంది. రెండు నెలలు ఉండలేనంతగా తడిసి మళ్లీ ఆరిన ఇంటికి అది చాలదు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇక్కడ మెరుగు. ప్రకృతి విపత్తుతో ఇల్లు ఉండడానికి వీల్లేకుండా పోతే, బాగుచేసేదాకా అద్దె అడగకూడదంటుంది. ఎవరి రిపేర్లు ఎవరివో చెప్పే పట్టిక కూడా అందులో ఉంది: కట్టడం రిపేర్లు, వెల్లవేయడం, పైపుల మార్పిడి యజమానివి. కుళాయి వాషర్లు, తూము శుభ్రం అద్దెదారువి. యజమాని చేయని రిపేరుకు అద్దెలోంచి మినహాయించుకునేది ఏ నెలలోనూ సగం అద్దె దాటకూడదు. నమూనా కనుక రాష్ట్రాలు తీసుకుంటేనే అమలవుతుంది. ఛత్తీస్‌గఢ్ ఈ పట్టికనైనా తీసుకుని చిన్న ఊళ్లకు వర్తింపజేయాలి.

ఈలోగా అద్దెకు దిగేవాళ్లు స్లాబు, పైపులు, పునాది చెమ్మ ఎవరి ఖర్చో కాగితం మీద రాయించుకోవాలి. కాగితం హిందీలో ఉంటే చదివించుకుని అర్థం చేసుకున్నాకే సంతకం పెట్టాలి. మరక కనబడ్డ రోజే ఫొటో తీసి యజమానికి పంపాలి. ఇంకో మాట కూడా ముందే రాసుకోవడం మంచిది. ఆగస్టులో ఉరిసే స్లాబుకు సరైన రిపేరు అది బాగా ఎండాకే కుదురుతుంది. అందాకా నల్లబడ్డ గదిని వాడుకోలేని నెలలకు అద్దె ఎంత తగ్గాలన్నదే ఆ మాట.